నొక్కు లేని గీత

“ఇవాళ ఆవిడ నోరు విప్పిందంటే మన పిల్ల పని అయిపోయినట్టే,” అన్నాను, చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ.

మా ఆయన గడ్డం గీసుకుంటున్నాడు. సగం మొహం మీద నురగ, సగం మొహం మీద విసుగు. “విప్పకపోతేనో?” అన్నాడు అద్దంలోంచి.

“విప్పకపోతే ఇంకా ఘోరం. కడుపులో ఏం పెట్టుకుందో తెలీదుగా.”

“అంటే ఎటు తిరిగినా ఘోరమేనన్నమాట. ఆ భయపడేదేదో ఇంట్లో కూర్చునే భయపడరాదూ? బస్సులో నిలబడే బాధైనా తప్పుతుంది.”

ఆయన హాస్యం ఎప్పుడూ ఇంతే. ఇన్నేళ్ళ కాపురంలో నేను భయపడినవాటిలో సగం జరగనే లేదని అంటూంటాడు. మిగతా సగం సంగతి మాత్రం ఎత్తడు. నేను సంచి చంకన పెట్టుకుని గుమ్మం దిగాను. సంచిలో తువ్వాల్లో చుట్టిన కాగితం ఒకటి ఉంది. అది నలుగుతుందేమోనని ఒక భయం, నలగకుండా ఆవిడ చేతికి అందుతుందేమోనని ఇంకో భయం.

మొదటినుంచీ ఈ కథ వెంట వస్తున్నవాళ్ళు ఈ నాలుగు మాటలూ దాటుకుని ముందుకు వెళ్ళిపోవచ్చు. ఇవాళే తలుపు తోసుకుని వచ్చినవాళ్ళకి మాత్రం చెప్పాలి.

మా అమ్మాయిని ఇంట్లో పిచ్చుక అంటాం. పుట్టినప్పుడు అంతే ఉండేది, ఇప్పుడూ పెద్ద పెరిగిందేం లేదు. చూపు లేని పెద్దవాళ్ళకి చదువూ పనులూ నేర్పే శిక్షణ కేంద్రంలో దాని ఉద్యోగం. అక్కడ మ్యాపుల గది అని ఒకటుంది. భవనంలో ఏ గది ఎక్కడుందో, మెట్లెక్కడున్నాయో వేళ్ళతో తడిమి తెలుసుకునే మ్యాపులు ఆ గదిలో తయారవుతాయి. ఇంజనీరు చేత్తో గీసిన ప్లానును స్కాన్ చేస్తే కంప్యూటర్లో అది చుక్కల గుంపుగా పడుతుంది. దగ్గరికి లాగి చూస్తే గీత అంచులు రంపం పళ్ళలా ఉంటాయి. ట్రేస్ అనే మీట నొక్కితే ఆ చుక్కల గుంపు శుభ్రమైన గీతగా మారుతుంది. ఇక ఆ గీత మందం మన ఇష్టం. పక్కనున్న చిన్న గడిలో అంకె మారిస్తే వెంట్రుకంత గీత తాడంత అవుతుంది. దాన్ని ఒక రకం కాగితం మీద అచ్చు వేసి వేడి మిషన్లోంచి లాగితే, నల్లగా ఉన్నంత మేరా పొక్కులా ఉబ్బుతుంది. ఆ ఉబ్బునే వేళ్ళు చదువుతాయి.

పందొమ్మిది రోజుల కిందట, ఆ కేంద్రంలో కొత్తగా కట్టిన భవనంలో, కొత్తగా చేరిన లెక్కల టీచరమ్మ మెట్ల మీదినుంచి పడిపోయింది. ఆవిడకి పుట్టుకతోనే చూపు లేదు. నడవాలో ఎడమవైపు గోడకి చివర ఒక సందు ఉంది. అందులోంచి పదకొండు మెట్లు సామాన్ల గదిలోకి దిగుతాయి. మ్యాపులో ఆ సందు లేదు. గోడ గీత ఎక్కడా తెగకుండా నేరుగా సాగిపోయింది. ఆవిడ తొడ ఎముక విరిగింది. ఎలా పడ్డారమ్మా అని ఎవరడిగినా పెదవి విప్పలేదు. మేనేజరుగారు మాత్రం మూడోరోజుకే విప్పారు. మ్యాపుల గది అమ్మాయి గీత మందం ఎక్కువ పెట్టింది, సందుకి అటూ ఇటూ ఉన్న గీత కొనలు ఉబ్బి కలిసిపోయాయి, సందు మూసుకుపోయింది, అంతే అన్నారు. అదే మాట రాసిన ఉత్తరం ఒకటి పిచ్చుక చేతికిచ్చి సంతకం పెట్టమన్నారు. గడువు రేపు పొద్దున పదింటికి. సంతకం పెడితే ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు, మనిషి కాలు విరగ్గొట్టిన చెయ్యి అని దాని చేతికి ముద్ర పడిపోతుంది. ఆ చేతికి మళ్ళీ మ్యాపు ఎవరిస్తారు?

ఇంకో సంగతి కిందటి భాగం చివర మీకొక్కరికే చెప్పాను. ఆ మందం పెట్టింది మా అమ్మాయి కాదు. నేను.

కొత్త భవనం తెరిచే ముందు వారం పిచ్చుకకి ఊపిరాడనంత పని. ఇంటికి కూడా తెచ్చుకునేది. నాకు మచ్చలు తుడవడం నేర్పింది. స్కాన్ చేసేటప్పుడు పడ్డ దుమ్ము కూడా చుక్కై కూర్చుంటుంది, ఆ చుక్క ఉబ్బితే వేలికి మొటిమలా తగులుతుంది, కాబట్టి ఒక్కొక్క చుక్కనీ ఏరి చెరిపెయ్యాలి. బియ్యంలో రాళ్ళు ఏరినట్టే ఉంది, హాయిగా ఏరాను. ఓ సాయంత్రం అది స్నానానికి వెళ్ళినప్పుడు, బల్లమీదున్న నమూనా కాగితం మీద వేలు పెట్టి చూశాను. గీత తగల్లేదు. మళ్ళీ రుద్దాను. ఉందో లేదో అన్నట్టుంది. ముప్పై ఏళ్ళు సూది గుచ్చుకుని కాయలు కాసిన వేళ్ళు నావి, వాటికి వేడి గిన్నె అంచే సరిగ్గా తెలీదు. ఆ సంగతి అప్పుడు తట్టలేదు. అమ్మో, గీత దొరక్క ఎవరైనా పడిపోతేనో అని మాత్రం తట్టింది. గడిలో ఒకటి చెరిపి మూడు పెట్టాను. ఎవరూ పడకూడదనే పెట్టాను.

పిచ్చుకకి చెప్పలేదు. ఆవిడ పడ్డాక చెప్పడానికి నోరు రాలేదు. అది కూడా ఆ మ్యాపు సంగతి ఎత్తడం మానేసింది. ఏమైందే అంటే, “ఆకలేస్తోందమ్మా” అంటుంది. పెడితే తినదు. దాని మంచం కింద ఆ మ్యాపు రెండో ప్రతి దొరికింది నాకు. అందులోని నా నేరం చూసే ధైర్యం లేక, విప్పకుండానే తువ్వాల్లో చుట్టేశాను.

ఇదీ సంచిలో ఉన్న కాగితం.

*

టీచరమ్మ గది శిక్షణ కేంద్రం వెనకాల, స్టాఫ్ ఇళ్ళ వరసలో మొదటిది. తలుపు బార్లా తీసి ఉంది. అది చూడగానే నాకు ముందు దొంగలు గుర్తొచ్చారు. లోపల ఇనప మంచం, మంచం మీద దిండ్లకి ఆనుకుని ఆవిడ, దుప్పటి మీద బారుగా చాపిన కట్టు కాలు. కిటికీ దగ్గర కరెంటు కెటిల్. దాని తీగ బల్ల అంచునుంచి వేలాడుతోంది. మంచానికీ తలుపుకీ మధ్య, సరిగ్గా నడిచే దారిలో, ఒక స్టూలు.

“ఎవరు?” అంది ఆవిడ. నలభై దాటని గొంతు. క్లాసులో వెనక బెంచీ దాకా వినపడే గొంతు.

“నేనండీ... మ్యాపుల గది అమ్మాయి వాళ్ళమ్మని. ఇంట్లో దాన్ని పిచ్చుక అంటామండీ.” భయమేస్తే అడగనివి కూడా చెప్పేస్తాను నేను.

“పిచ్చుకకి అమ్మ ఉంటుందని తెలుసు గానీ, ఇంత బరువుగా అడుగులేస్తుందనుకోలేదు. రండి.”

ఎగతాళో ఆదరమో అర్థం కాలేదు. నాలుగడుగులు వేసి, దారిలో ఉన్న స్టూలును మెల్లగా ఎత్తి గోడవారకి పెట్టాను. ఒక కాలు విరిగినావిడ, రెండోది కూడా దీనికి తగిలితే ఇంకేమన్నా ఉందా?

“స్టూలు కదిపారా?”

“అవునండీ, దారికి అడ్డంగా ఉంటేనూ...”

“ఎక్కడుందో అక్కడ పెట్టండి. మీకది అడ్డం. నాకది గుర్తు. మంచం దిగి కర్రల మీద రెండడుగులు వేస్తే అది తగలాలి. తగిలితే తలుపు కుడిచేతికి ఉన్నట్టు. మీరు జాలిపడి గోడకి పెడితే నేను నేరుగా వెళ్ళి బీరువాని కావలించుకుంటాను.”

నా చెవులు వేడెక్కాయి. స్టూలు తెచ్చి పెట్టాను. సరిగ్గా అక్కడేనా కాదా అని మూడుసార్లు జరిపాను. గుమ్మం దాటి నిమిషం కాలేదు, అప్పుడే మంచి చెయ్యబోయి ఆవిడ దారి చెరిపేశాను. చెప్పాలనుకున్నది ఇక గొంతులో ఆగలేదు.

“టీచరుగారూ, మీ కాలు విరగ్గొట్టింది నేనండీ.”

ఆవిడ తల నా వైపు తిరిగింది.

అన్నీ చెప్పేశాను. ఒకటికి మూడు పెట్టడం, నా వేళ్ళు, స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు వింటూ దొంగలా గడిలో అంకె మార్చడం. వరస తప్పింది, ముందుది వెనకా వెనకది ముందూ వచ్చాయి. చివర్లో, “మేనేజరుగారికి మీరొక్క మాట చెప్పండమ్మా. తప్పు తల్లిది, పిల్లది కాదని. మీ మాటైతే వింటారు,” అన్నాను. చెయ్యెత్తి దండం పెట్టాను. ఆవిడకి కనపడదని పెట్టాక గుర్తొచ్చింది. అయినా దించలేదు.

ఆవిడ కాసేపు దుప్పటి అంచు వేళ్ళ మధ్య నలుపుతూ కూర్చుంది.

“చెప్తే ఏమవుతుందో ఆలోచించారా?” అంది.

“పిల్ల బయటపడుతుంది.”

“పడదు. ఆఫీసు పని ఇంటికి తీసుకెళ్ళి, సంబంధం లేని మనిషి చేతికిచ్చిందని అప్పుడు తీసేస్తారు. ఇప్పుడైతే పొరపాటు అంటారు, అప్పుడు నిర్లక్ష్యం అంటారు.”

లోకంలో ఉన్న ప్రమాదాలన్నీ ముందే ఊహించి పెట్టుకునే నాకు ఈ ఒక్కటీ తట్టలేదు. స్టూలు మీద కూలబడబోయి, అది గుర్తు కదా అని తమాయించుకుని, నిలబడే ఉన్నాను.

“కూర్చోండి. కూర్చుంటే అరగదు,” అంది ఆవిడ. “మీరు మీది చెప్పారు గనక నాదీ చెప్తాను. ఆ రోజు నా కర్ర ఎక్కడుందో అడగండి.”

“ఎక్కడుందండీ?”

“చంకలో. మడిచి. రెండు చేతుల నిండా పుస్తకాలు. కొత్త క్లాసు, మొదటి వారం, రెండు విడతలుగా తీసుకెళ్ళడానికి బద్ధకం. ఎడమవైపు గోడే కదా, గోడంతా అలాగే ఉంటుందని మ్యాపు చెప్పింది కదా అని, మోచెయ్యి గోడకి రాసుకుంటూ నడిచాను. గోడ అయిపోయింది.”

నేను చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

“పదిహేనేళ్ళుగా, ఇక్కడికి రాకముందు కూడా, ప్రతి కొత్త బ్యాచికీ మొదటిరోజు చెప్పే మాట ఒకటే. మ్యాపు బుర్రలో ఉన్నా కర్ర చేతిలో ఉండాలి. చెయ్యి ఖాళీ లేకపోతే పుస్తకం వదిలెయ్యండి, కర్ర కాదు. ఇప్పుడు అందరూ వచ్చి ఎలా పడ్డారు టీచర్, ఎలా పడ్డారు టీచర్ అంటే ఏం చెప్పను? నోరు తెరిస్తే ముందు బయటికొచ్చేది నా తప్పే. అందుకని మూసుక్కూర్చున్నాను. ఈలోగా మేనేజరు మీ పిల్లకి ఉత్తరం ఇచ్చారన్న సంగతి నాకు నిన్నటిదాకా ఎవరూ చెప్పలేదు.”

ఆవిడ మొహం చూస్తే కోపంగానే ఉంది. ఆ కోపం నా మీద కాదని తెలిసినా సంచి ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను.

“గోడకున్న మ్యాపు పీకేశారట. ఇంకోటేమైనా ఉందా?”

తువ్వాలు విప్పాను. కాగితం ఒళ్ళో పెడితే ఆవిడ ముందు దాని నాలుగు మూలలూ పట్టుకుని సరిచూసుకుంది. తర్వాత రెండు చూపుడు వేళ్ళూ కింద అంచు మధ్యలో పెట్టి, అవి రెండూ విడివిడిగా బయల్దేరినట్టు, ఒకటి ముందూ ఒకటి వెనకగా నడిపించింది. నేను ఆ వేళ్ళనే చూస్తున్నాను. పరీక్ష పేపరు దిద్దుతుంటే ఎదురుగా నిలబడ్డట్టుంది.

“అబ్బా, ఇదేం గీతండీ బాబూ, ఇనప చువ్వలా ఉంది! మూడు పెట్టారంటే పెట్టారు మరి. ఆ రోజు గుమ్మం దగ్గర తడిమినప్పుడే అనుకున్నాను, ఎవరో మాకు చేతులకి కూడా చూపు లేదనుకున్నారని.”

“క్షమించండమ్మా.”

“ఉండండి. ఇది ముందు గుమ్మం. ఇది ఆఫీసు. ఆఫీసు తలుపు దగ్గర సందు... సందు దాదాపు మూసుకుపోయింది. ఊఁ. ఇది స్నానాల గది, ఇక్కడా అంతే.” వేళ్ళు ఎడమ గోడ పట్టుకుని నెమ్మదిగా పైకి పాకాయి. ఒకచోట ఆగాయి. వెనక్కొచ్చాయి. మళ్ళీ వెళ్ళాయి. మళ్ళీ ఆగాయి. ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి.

“ఏమిటండీ?” అన్నాను. నా గొంతు నాకే కీచుగా వినపడింది.

“మీరేం పని చేసేవారు?”

“కుట్టుపని. బట్టలు కుట్టేదాన్నండీ. ఏడో క్లాసుతో చదువు ఆపేసి అందులోకే...”

“మంచిది. రెండు ముక్కలు అతికిన బట్టకీ, అసలు కత్తెర పడని బట్టకీ తేడా కళ్ళు మూసుకుని చెప్పగలరా?”

“ఎందుకు చెప్పలేనండీ? అతుకు దగ్గర చేతికి తెలిసిపోతుందిగా. ఎంత బాగా కుట్టినా అక్కడ ఒక తీరుగా ఉంటుంది.”

“అయితే వేలివ్వండి. సూది తగలని వేలు ఏదైనా మిగిలిందా?”

ఆలోచించాను. “ఎడమచేతి చిటికెన వేలు.”

“కళ్ళు మూసుకోండి. నిజంగా మూసుకోవాలి, ఓరకంట చూస్తే నాకు తెలీదు గానీ మీకే నష్టం.”

మూసుకున్నాను. ఆవిడ నా చిటికెన వేలు పట్టుకుని కాగితం మీద ఆనించింది. చల్లగా, కాస్త గరుగ్గా ఉంది ఉబ్బిన గీత. సూది ఎరగని ఆ వేలికి అది ఎంత స్పష్టంగా తగిలిందంటే, ఆ సాయంత్రం ఈ వేలు పెట్టి చూసుంటే ఈ గొడవే లేకపోను కదా అని ఏడుపొచ్చింది. వేలు జరిపింది ఆవిడ. గీత జారుతూ జారుతూ, ఒకచోట సన్నబడింది, రెండు పక్కలా నొక్కినట్టు. మళ్ళీ లావైంది.

“తెలిసిందా?”

“నడుం లాగా ఉందండీ.”

“అది ఆఫీసు గుమ్మం. రెండు గీతల కొనలు గుండ్రంగా ఉంటాయి కదా, మందం పెంచితే ఆ గుండ్రాలు ఉబ్బి ఒకదాన్నొకటి తాకుతాయి. తాకినచోట నొక్కు మిగులుతుంది. మీరు పెట్టిన మూడు వల్ల ఏమైందంటే ఇది. తప్పే. కానీ ఒళ్ళు దగ్గర పెట్టుకుని తడిమితే ఇక్కడేదో తలుపు ఉండాలని నాలాంటిది కనిపెట్టేస్తుంది. ఇది స్నానాల గది. ఉందా నొక్కు?”

“ఉందండీ.”

“ఇది స్టాఫ్ గది.”

“ఉంది.”

“ఇప్పుడిది. నడవా ఎడమగోడ. చివరిదాకా వెళ్ళండి మీరే.”

ఆవిడ నా వేలు వదిలేసింది. నేనే జరుపుకుంటూ పోయాను. పోయాను, పోయాను. నొక్కు కోసం వెతుకుతూ పోయాను. గీత సాఫీగా, కత్తెర పడని బట్టలాగా, చివరిదాకా ఒకే తీరుగా ఉంది. మూల తగిలింది. వెనక్కొచ్చి మళ్ళీ తడిమాను. ఎక్కడా లేదు.

కళ్ళు తెరిచాను.

“మెట్ల సందు ఎక్కడండీ?”

“అదే నేనూ అడుగుతున్నాను. ఇక్కడ మీ మందానికి కలిసిపోవడానికి రెండు కొనలే లేవు. ఒక్కటే గీత. ఈ సందు ఉబ్బి మూసుకుపోలేదమ్మా. ఎవరో గీత గీసి మూసేశారు.”

మీతో అబద్ధమెందుకు, ఆ క్షణాన నా మనసుకి రెక్కలొచ్చాయి. నేను కాదు! పందొమ్మిది రోజులుగా గుండె మీద మోస్తున్న బండ దిగిపోయింది. మంచం మీద చాపిన ఆవిడ కాలు చూసి కూడా సిగ్గులేకుండా, నేను కాదు, నేను కాదు అనుకున్నాను. ఆ సంతోషం ఒక్క ఊపిరి సేపు ఉందేమో. వెంటనే రెండో ఊపిరి వచ్చింది. ఆ ఫైలు నడిచింది రెండే చేతుల మీదుగా. ఒకటి నాది. నాది కాకపోతే?

దిగిన బండ మళ్ళీ వచ్చి కూర్చుంది, ఈసారి ఇంకా బరువుగా.

*

“టీచర్, లోపలికి రావచ్చా?”

ఆ గొంతు విని గిరుక్కున తిరిగాను. గుమ్మంలో పిచ్చుక. చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు. నన్ను చూసి, నా ముందు పరిచి ఉన్న కాగితాన్ని చూసి, అక్కడే ఆగిపోయింది.

“అమ్మా? నువ్వేంటిక్కడ?”

“ఊరికే... చూసిపోదామని...”

“తువ్వాల్లో చుట్టుకుని తెచ్చావా ఊరికే చూసిపోడానికి?” దానికి కోపమొస్తే గొంతు పెరగదు, ఇంకా తగ్గుతుంది.

“అమ్మని తర్వాత కేకలేద్దువుగాని, రా,” అంది టీచరమ్మ. “ఏదో కాగితం తెచ్చినట్టున్నావు, చప్పుడు వినపడుతోంది.”

పిచ్చుక స్టూలు పక్కనుంచి, దాన్ని తాకకుండా, వచ్చింది. దానికి తెలుసన్నమాట అది కదపకూడదని. “మేనేజరుగారు పంపారు. ఈ ఉత్తరం మీకు చదివి వినిపించి, విన్నట్టుగా మీ చేత కూడా సంతకం పెట్టించుకు రమ్మన్నారు.”

“చదువు.”

చదివింది. పరాయివాళ్ళ ఉత్తరం చదివినట్టు చదివింది. “కొత్త భవనం మ్యాపు తయారీలో గీతల మందాన్ని నేను అవసరానికి మించి పెంచినందువల్ల, మెట్ల దగ్గరి ఖాళీ మూసుకుపోయిందని, జరిగిన ప్రమాదానికి ఇదే కారణమని, ఇందులో సంస్థ వారి లోపమేమీ లేదని...” అక్కడ ఒకసారి ఆగింది. తర్వాత చివరిదాకా చదివేసింది. చివర ఖాళీ గీత, దాని కింద సంతకం అని రాసి ఉంది. ఇంకా పెట్టలేదు. నా ప్రాణం కాస్త కుదుటపడింది.

“మందం నువ్వు పెంచావా?” అంది టీచరమ్మ.

పిచ్చుక నా వంక చూడలేదు. చూడకపోవడంలోనే అర్థమైంది నాకు. దానికి తెలుసు. ఒకటి చెరిపి మూడు పెట్టింది ఎవరో దానికి మొదటినుంచీ తెలుసు. తెలిసే ఆ ఉత్తరాన్ని సంచిలో పెట్టుకుని తిరుగుతోంది.

“నేనే పెంచాను,” అంది.

“అబద్ధం!” అన్నాను. “టీచరుగారికి అంతా చెప్పేశానే, నువ్వేం కప్పిపెట్టక్కర్లేదు...”

“అమ్మా, నువ్వు ఊరుకో!”

“ఇద్దరూ ఊరుకోండి,” అంది టీచరమ్మ. “మందం ఎవరు పెంచితే నాకేం? చెయ్యి ఇటివ్వమ్మా పిచ్చుకా.”

ఆ పేరు పరాయి నోట వినేసరికి పిచ్చుక ఉలిక్కిపడింది. చెయ్యి చాపింది. టీచరమ్మ దాని వేలు పట్టుకుని ఎడమగోడ గీత మీద పెట్టింది.

“నువ్వు ఈ పనిలో ఎన్నాళ్ళనుంచి ఉన్నావో నాకు తెలీదు గానీ, నాకు తెలిసినంత నీకూ తెలుసు. మిగతా తలుపులన్నిటి దగ్గరా నొక్కు ఉంది. ఇక్కడ ఎందుకు లేదు?”

పిచ్చుక వేలు గీత మీద ఒకసారి ముందుకీ వెనక్కీ జరిగింది.

“పొరపాటున చెరిగిపోతే ఖాళీ పెద్దదవుతుంది, మూసుకుపోదు. ఇది పొరపాటు పని కాదు. ఎవరో ఈ కొననీ ఆ కొననీ పట్టుకుని కలిపారు. ఎందుకు?”

నా నోరు ఊరుకోలేదు. “చూసుకోకుండా చేసుంటుందండీ, ఆ వారం దానికి తిండీ నిద్రా లేవు, కళ్ళు తిరిగి...”

“అమ్మగారూ, ప్రశ్న మిమ్మల్ని కాదు.”

ఊరుకున్నాను. పిల్ల వేలు ఇంకా ఆ గీత మీదే ఉంది. టీచరమ్మ దాని మణికట్టు పట్టుకోలేదు, ఊరికే తన చెయ్యి పక్కన పెట్టుకుని ఎదురుచూస్తోంది. అలా ఎదురుచూడటం ఆవిడకి బాగా అలవాటులా ఉంది, బోర్డు దగ్గరికి పిలిచిన పిల్ల లెక్క చేసేదాకా చూసినట్టు. బయట ఎవరో కర్ర తాటించుకుంటూ నడిచి వెళ్ళారు. టక్, టక్, టక్. ఆ చప్పుడు దూరమై ఆగిపోయింది. కిటికీ రెక్క గాలికి ఒకసారి కొట్టుకుంది. నేను వెళ్ళి గడియ పెట్టాలనుకుని, ఏం కదిపితే ఏమవుతుందోనని కదల్లేదు.

ఎన్ని రకాలుగా అనుకున్నానో ఆ కాసేపట్లో. నిద్రమత్తులో చేసిందా? ఎవరి మీదైనా పంతంతో చేసిందా? చిన్నప్పుడు బల్లమీద సిరా ఒలకబోసి, ఎవరు చేశారే అంటే ఇలాగే నిలబడేది, తల వంచుకుని, కాలి బొటనవేలు నేలకి రాస్తూ. అప్పుడు రెండు తగిలించి వదిలేసేదాన్ని. ఇప్పుడు దాని కాలి బొటనవేలు కదలడం లేదు. పెదవుల మీద మాత్రం రంగు లేదు. నువ్వు చెయ్యలేదను తల్లీ, ఒక్కసారి కాదను, నేను నమ్మేస్తాను అని మనసులో ఎన్నిసార్లు బతిమాలుకున్నానో.

పిచ్చుక రెండో చేతిలో ఉన్న ఉత్తరం జారి నేలమీద పడింది. ఎవరూ వంగి తియ్యలేదు.

“ఆ ఇంజనీరు ప్లానులో సందు ఉంది,” అంది టీచరమ్మ చివరికి, గొంతు బాగా తగ్గించి. “స్కాన్‌లో ఉండే ఉంటుంది. ట్రేస్‌లోనూ ఉండే ఉంటుంది. నా కాలు సంగతి వదిలెయ్. రేపు పది దాటితే నువ్వు చెప్పినా ఎవరూ వినరు. ఇప్పుడు వినడానికి నేనున్నాను.”

పిచ్చుక వేలు ఎత్తేసింది గీత మీదినుంచి. కాలినట్టు ఎత్తేసింది. నన్ను చూసింది. పందొమ్మిది రోజుల్లో అది నా కళ్ళలోకి చూడటం అదే మొదటిసారి.

“మూసింది నేనేనమ్మా,” అంది. “భవనం తెరిచే ముందురోజు మేనేజరుగారే వచ్చి, కాగితం మీద నువ్వు మూసెయ్, పొద్దుటికల్లా గోడ మేం కట్టేస్తాం అన్నారు.”